చివరి రెండంకెలు

ఆ ఏడు ఉప్పు బాగా దిగింది. మా మనవరాలు ఝాన్సీ ఇంటరు పాసయింది. రెండూ మంచి కబుర్లే. అయినా ఆ జూన్ మొదలు ఉభాలు అయ్యేదాకా, అంటే పొలంలో నాట్లు పూర్తయ్యేదాకా, మా ఇంట్లో నలుగురం కూచుని ఒక్క పూట నిమ్మళంగా అన్నం తినలేదు.

ఇంజనీరింగు పరీక్ష ర్యాంకులొచ్చిన ఆదివారం మా అబ్బాయి ధర్మేంద్ర పొద్దుటి ప్యాసింజరులో దిగాడు. వాడు గరివిడి ఫ్యాక్టరీలో ఫిట్టరు. వారంలో ఆరు రోజులు అక్కడే గదిలో ఉంటాడు, ఏడో రోజు నౌపడ వస్తాడు. ఆ రోజు చేతిలో మిఠాయి పొట్లం ఉంది. చెప్పులు విప్పకుండానే గుమ్మంలోంచి పెళ్ళానికి కేకేశాడు.

"దేవీ! ముప్పయ్యొక్క వేల ర్యాంకు. కంప్యూటరు సీటు వచ్చీసినట్టే. విజయ్‌కుమార్ని అడిగీసినాను."

విజయ్‌కుమార్ వాడితో చదువుకున్నవాడు. టెక్కలిలో నెట్ సెంటరు నడుపుతాడు. ఏ కాలేజీలో ఎంత ర్యాంకుకి సీటొస్తుందో నోటికి చెబుతాడని పేరు.

ఝాన్సీ అరుగు మీద ఆరిన బట్టలు మడతపెడుతోంది. చేతిలో లంగా అలాగే పట్టుకుని అంది.

"నాన్నా, నేను ఇంజనీరింగుకి ఎళ్ళను. బీఎస్సీ సదూతాను. కెమిస్ట్రీ. విజయనగరంలో ఉన్నాది."

"ఏటీ?"

"కెమిస్ట్రీ."

వాడు పకపకా నవ్వాడు. "దీనికి ఎండదెబ్బ తగిలినట్టున్నాదే దేవీ. కాసింత మజ్జిగియ్యి."

"నవ్వకు బావా," అంది దేవి. "రెండు నెల్ల బట్టీ ఇదే మాట."

వాడి నవ్వు ఆగిపోయింది. పొట్లం కింద పెట్టాడు. "రెండు నెల్ల బట్టా? నాకెవులూ సెప్పలేదేటి?"

వాడు నా వైపు తిరిగాడు. నేను చుట్ట చుట్టుకుంటున్నాను.

"నీకు తెలుసా నాన్నా?"

"తెలుసు."

"మరి సెప్పలేదేటి?"

"నువ్వడగలేదు."

"అడగలేదంట!" అన్నాడు గోడతో చెబుతున్నట్టు. తర్వాత కూతురి ముందు గొంతుక్కూచున్నాడు. "ఒసే, ఇటు సూడు. కెమిస్ట్రీ సదివి ఏటవుతావు? వీధిలో గుంటలకి ట్యూషన్ సెప్పుకుంటావా? నాను పద్దెనిమిదేళ్ళ బట్టి ఇంజనీర్ల గది బయట నిలబడి సంతకాలెట్టించుకుంటన్నాను. లోపల కుర్చీలుంటాయి. నన్నెవులూ కూకోమనరు. నా కంటే పదిహేనేళ్ళు చిన్నోడు కూడా తలెత్తకుండానే, అక్కడ పెట్టి ఎళ్ళవయ్యా అంటాడు. నువ్వు ఆ కుర్చీలో కూకోవాల. అంతే."

"కెమిస్ట్రీ సదివినోళ్ళకి కుర్చీ ఉండదేటి?"

"సెప్పింది ఇను."

"నువ్వు సెప్తన్నావు నాన్నా. నన్ను అడగడం లేదు."

వాడు లేచి పెరట్లోకి వెళ్ళిపోయాడు. మిఠాయి పొట్లం సాయంత్రానికి చీమలు పట్టింది. దేవి తీసుకెళ్ళి గేదె కుడితిలో కలిపేసింది.

ఒక సంగతి ఇక్కడ చెప్పాలి. ఆ పరీక్ష ఫారానికి ఝాన్సీ నా ఫోను నంబరు ఇచ్చింది. వాళ్ళ నాన్న ఎక్కడ ఆఫరుంటే ఆ సిమ్ము మారుస్తాడు. దేవి ఫోనులో బాలెన్సు అయిపోతే నెలల తరబడి అలాగే పడి ఉంటుంది. నాది ఉప్పు కొనేవాళ్ళందరి దగ్గరా ఉన్న నంబరు, పద్నాలుగేళ్ళుగా మారలేదు. మీటలున్న ఫోను. నా చదువు మూడో క్లాసుతో సరి. తెలుగు కూడబలుక్కుంటాను, ఇంగ్లీషు రాదు, అంకెలు మాత్రం బాగా వచ్చు. కాబట్టి ఆ చదువు తాలూకు మెసేజీలన్నీ నా మొలలో ఉన్న ఫోనులోకే వచ్చేవి.

మా ఉప్పు మడులు స్టేషను దాటాక సముద్రం వైపున్నాయి. సముద్రం నీరు కాలవలోంచి ఒక మడిలోకి, ఆ మడిలోంచి మరో మడిలోకి, ఎండుతూ చిక్కబడుతూ వస్తుంది. ఆఖరి మడిలో ఉప్పు దిగుతుంది. ఉప్పు ఎప్పుడు గీయాలో, మిగిలిన నీటిని ఎప్పుడు బయటికి వదిలేయాలో వేలు ముంచి నాలిక మీద పెట్టుకుని చెప్పేవాణ్ణి. ఏభై ఏళ్ళ పని. కిందటేడు మాత్రం విజయనగరం షావుకారు జగన్నాధం నా ఉప్పు అరచేతిలో నలిపి చూసి, "చెమ్మ ఆరటం లేదు అప్పలసూరీ. చేదు కూడా తగులుతోంది," అని సగం రాశి వదిలేసి పోయాడు. నా ఉప్పుని అలా అన్నవాళ్ళు అంతకు ముందు లేరు.

ఈ ఏడు ఝాన్సీ తన లెక్చరరుని అడిగి ఒక గాజు గొట్టం తెచ్చింది. నీళ్ళలో వదిలితే నిలువుగా తేలుతుంది. నీరు ఎంత చిక్కబడిందో దాని మీది గీతలు చెబుతాయి. జూన్ మొదటి వారం, ఆఖరిసారి ఉప్పు గీసే ముందు, మోకాళ్ళ మీద వంగి దాన్నే చూస్తోంది.

"తాతా, ఇరవై తొమ్మిదో గీత దాటిపోనాది. నీళ్ళిప్పుడే ఒగ్గీయాల."

"ఇంకో రెండ్రోజులాగాల."

"ఆగితే మంచి ఉప్పు మీద చేదుప్పు దిగుతాది. కిందటేడు జరిగిందదే."

"నా నాలిక్కి తెలీదేటి?"

"నీ నాలిక్కి మాఘమాసంలో తెలుస్తాది. ఇన్ని మడుల ఉప్పు నాకీసినాక జేష్టంలో దానికేటి తెలుస్తాది? మొద్దుబారిపోద్ది."

నాకు కోపం వచ్చింది. పార తీసుకుని గట్టు తెంపాను. నీళ్ళు బుసబుసా కాలవలోకి పోయాయి. నాలుగు రోజులకి ఎండిన ఉప్పు చేతిలోకి తీసుకుంటే వేళ్ళ సందుల్లోంచి పొడిపొడిగా రాలింది.

ఝాన్సీ ఉప్పు వైపు చూడలేదు. కాలవలో పోయిన నీళ్ళ వైపు చూస్తోంది.

"పారబోస్తన్నామే, ఆ నీళ్ళలో ఏటున్నాదో తెలుసా తాతా?"

"చేదు."

"మందులకి పనికొచ్చేది ఉన్నాది. పంటకి పనికొచ్చేది ఉన్నాది. విడివిడిగా తియ్యొచ్చు. ఎలా తియ్యాలో నాకు నేర్చుకోవాలనున్నాది. కంప్యూటరు రాదని కాదు. నాకిది కావాల." నా మొహంలోకి చూడకుండా అంది, "నువ్వు నాన్నకి సెప్పు. నువ్వు సెప్తే ఇంటాడు."

"ఊఁ," అన్నాను.

తర్వాతి ఆదివారం ధర్మేంద్ర తిరిగి వెళ్ళేటప్పుడు వాడితో పాటు స్టేషను దాకా నడిచాను. దారంతా మాట వెతుక్కుంటూనే ఉన్నాను. ప్లాట్‌ఫారం మీద సిమెంటు బల్ల మీద కూచున్నాక మాట వాడే ఎత్తాడు.

"గుంట నిన్ను పంపింది కదా?"

నేను పట్టాల వైపు చూశాను.

"టెన్తు అయినాక నాకు పాలిటెక్నిక్ సీటొచ్చే మార్కులొచ్చినాయి. ఫారం మీద సంతకానికి మడికి తెచ్చినాను. గేపకం ఉన్నాదా?"

"ఉన్నాది."

"పెట్టనన్లేదు నువ్వు. పెడతానన్లేదు. వంగుని నీళ్ళు కట్టుకుంటా ఉండిపోనావు. నాను గట్టు మీద ఎండలో నిలబడ్డాను. మర్నాడూ వచ్చినాను. ఆ మర్నాడు కూడా. అలాగే తేదీ ఎళ్ళిపోనాది. నువ్వు తిట్టినా బాగుండును నాన్నా. తిడితే నాలుగు మాటలు నానూ అందును."

ఆ ఏట మడుల్లోకి ఒక మనిషి తక్కువ. వాడు చదువుకి పోతే గీసేవాళ్ళు లేరు. ఆ మాట కన్నకొడుకుతో చెప్పడానికి నాకు సిగ్గేసింది. వాడే తెలుసుకుంటాడులే అనుకున్నాను. ఈ సంగతి ఆ బల్ల మీద కూడా చెప్పలేదు.

ప్యాసింజరు వచ్చింది. వాడు ఎక్కి కడ్డీ పట్టుకుని వెనక్కి తిరిగాడు.

"అప్పుడు నోరిప్పలేదు కదా. ఇప్పుడూ ఇప్పకు. నీకు దణ్ణం పెడతాను. దాని జోలికి రాకు."

ఇంటికొచ్చాక ఝాన్సీ ఎదురొచ్చింది. "సెప్పినావా?"

"లేదు."

ఆ పిల్ల నన్ను కాసేపు చూసింది. "సరే. నేనే మాటాడతాను. కౌన్సెలింగు తేదీలిచ్చినాక నాన్న సెలవెట్టి వస్తాడు. అప్పుడు మాటాడతాను. నువ్వు మధ్యలోకి రాకు తాతా."

ఇద్దరూ ఒకే మాట అన్నారు. నేను రానన్నట్టు తలూపాను.

జూలైలో వానలు మొదలయ్యాయి. తాటాకు కప్పిన రాశుల్లోంచి ఉప్పు అమ్ముకునే రోజులు. కాలేజీల పేర్లు వరసగా కంప్యూటర్లో పెట్టే గడువు శుక్రవారంతో ఆఖరని దేవి చెప్పింది. గురువారం పొద్దున్నే జగన్నాధం లారీ వచ్చింది. రాశి విప్పి ఉప్పు నలిపి చూసి, "ఏం చేశావయ్యా ఈసారి?" అన్నాడు. "మా మనవరాలు," అన్నాను. ఆయనకి అర్థం కాలేదు. నేను విడమరచలేదు.

లారీకి ఎక్కించేటప్పుడు బస్తాల లెక్క పిలిచేది నేనే. మా వైపు ఒకటి అనం. మొదటి బస్తాని లాభం అని పిలుస్తాం. తర్వాత రెండు, మూడు. ఇరవైకో గులకరాయి పక్కన పెడతాను. ఆ చుట్టుపక్కల మడులన్నింట్లో ఎవరి ఉప్పు లారీ ఎక్కినా నన్నే పిలుస్తారు. షావుకారు వైపు మనిషి వేరే ఉండడు. నేను ఎంతంటే అంత. తగువొచ్చిన రోజు లేదు.

మూడో రాయి పెట్టి పది దాటాక ఫోను మోగింది. ధర్మేంద్ర.

"నాన్నా, నాను టెక్కలిలో దిగిపోనాను. విజయ్‌కుమార్ సెంటర్లో ఉన్నాను. నీ ఫోనుకిప్పుడో నెంబరొస్తాది. ఆరంకెలు. లైన్లో ఉండి సదువు."

"గుంట ఉన్నాదా అక్కడ?"

"లేదు. దాని హాల్‌టికెట్టు నా దగ్గరున్నాది. సాలు. ఉంటే రాద్ధాంతం సేస్తాది. పెట్టీసినాక ఇంటికెళ్ళి సెప్తాను."

ఫోను చేతిలో కుయ్‌మంది. వెలుగులో కనపడక తాటాకు నీడలోకి వెళ్ళి చూశాను. ఇంగ్లీషు అక్షరాల మధ్య ఆరంకెలు చక్కగా ఉన్నాయి.

"నాలుగు, లాభం, ఎనిమిది..."

"లాభమేటి నాన్నా! ఒకటా?"

"ఒకటి. ఎనిమిది. సున్నా." తెర మీద అయిదు, మూడు ఉన్నాయి. "మూడు. అయిదు."

ఎందుకలా అన్నానో నాకిప్పటికీ తెలీదు. అవతల మీటలు కొట్టిన చప్పుడు. తర్వాత విజయ్‌కుమార్ గొంతు, తప్పంటోందిరా అని. ఇంకో నంబరు పంపించారు. ఇది చివర తొమ్మిది, రెండు. నేను రెండు, తొమ్మిది అన్నాను. ఈసారి తెలిసే అన్నాను.

మళ్ళీ తప్పంది.

"ముసలాయనకి కళ్ళానటం లేదేమోరా," అన్నాడు విజయ్‌కుమార్. ఫోనులో నాకు వినపడింది.

"ఏటి కూసినావు?" మా వాడి గొంతు లేచింది. "మా నాన్నకి కళ్ళు పోయినా లెక్క తప్పదు. నౌపడ మడుల్లో ఎవుల్నైనా అడుగు. నీ మిషనే పాడైపోనాది. సరిగ్గా కొట్టు!"

నిజం చెప్పేయడానికి అదే అదును. చివరి రెండూ అటూ ఇటూ అయ్యాయిరా అంటే సరిపోయేది. నాలుగు ముక్కలు. ఇంతలో మూడో నంబరు వచ్చింది. మొదటి నాలుగూ సరిగ్గా చదివాను. చివరి రెండూ మార్చాను.

మూడుసార్లు తప్పితే ఆ రోజుకి ఇక తెరుచుకోదంట. మర్నాడు ఆఖరి రోజు. "రేపు పెడదాం నాన్నా. నువ్వేటి సేస్తావులే. ఈడి మిషను దరిద్రం," అని ఫోను పెట్టేశాడు.

నేను లారీ దగ్గరికి వచ్చాను. కూలీలు బస్తా వీపున పెట్టుకుని నా నోటికేసి చూస్తున్నారు. మూడు రాళ్ళున్నాయి. ఆ మీద ఎన్నో గుర్తుకి రాలేదు.

"ఎంతలో ఆపావు?" అన్నాడు జగన్నాధం.

"దించీయండి."

"ఏంటి?"

"బస్తాలన్నీ దించీయండి. మొదట్నుంచీ పిలుస్తాను."

"నీకేమన్నా పిచ్చా? వాన పట్టేలా ఉంది. ఓ సంఖ్య చెప్పు, నేను ఒప్పుకుంటాను. నీ మాటకి ఎదురేముంది?"

"దించీయండి," అన్నాను. దించారు. వాళ్ళు తిట్టుకుంటూ దించుతుంటే నేను తల వంచుకుని నిలబడ్డాను. మళ్ళీ లాభం అని మొదలెట్టాను.

సాయంత్రం నేను ఇల్లు చేరేసరికి ధర్మేంద్ర అప్పటికే వచ్చాడు. లోపల కేకలు.

"నాకు సెప్పకుండా ఎలా పెడతావు?" ఝాన్సీ గొంతు.

"సెప్తే ఒప్పుకుంటావేటి?"

"ఒప్పుకోను. ఒప్పుకోనని నీకు తెలుసు. అందుకే దొంగతనంగా ఎళ్ళినావు."

"కన్నకూతురి సీటు కోసం ఎళ్తే దొంగతనమా?" వాడు నన్ను చూసి తగ్గాడు. "అయినా పెట్టలేదులే. ఆ ఎదవ మిషను మూడుసార్లూ తప్పంది."

"మూడుసార్లా?"

"ఇదిగో. విజయ్‌గాడు రాసుకున్న కాయితం. తాత సదివినట్టే కొట్టినాడు."

ఝాన్సీ కాయితం తీసుకుంది. నా ముందుకొచ్చి చెయ్యి చాపింది. ఫోను ఇచ్చాను. ఒక మెసేజీ చూసింది, కాయితం చూసింది. రెండోది. మూడోది. దేవి పొయ్యి దగ్గర్నుంచి, "ఏటే?" అంది.

"ఏటీ లేదు," అంది ఝాన్సీ. కాయితం మడిచి పిడికిట్లో పెట్టుకుని పెరట్లోకి నడిచింది. నేను వెనకాలే వెళ్ళాను.

గేదె పక్కన నిలబడి చిన్న గొంతుతో అడిగింది. "చివరి రెండూ మార్చినావు."

"ఊఁ."

"మూడుసార్లూ."

"ఊఁ."

"నా కోసమా?"

సంతోషిస్తుందనుకున్నాను కాబోలు. ఆ పిల్ల కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"నేను అడిగినానేటి తాతా నిన్నిలా సెయ్యమని? మాటాడమన్నాను. అది సెయ్యలేదు. ఇది సేసినావు. నాన్న నేను లేకుండా పెట్టబోయినాడు. నువ్వు నేను లేకుండా పడగొట్టినావు. ఇద్దర్లో నన్ను లెక్కేసిందెవులు?" ముక్కు తుడుచుకుంది. "నేను గెలిస్తే ఇలాగా గెలవాల? రేపు ఇంజనీరింగు రాకపోతే, మిషను పాడైపోబట్టి నా కూతురు ఇలాగయిపోనాదని నాన్న సచ్చేదాకా అనుకుంటాడు."

నేను వంగి గేదె ముందుకి గడ్డి తోశాను.

"నేను సెప్పను," అంది. "నువ్వే సెప్పు."

ఆ పూట అన్నం దగ్గర చెబుదామనుకున్నాను. చెప్పలేకపోయాను. ధర్మేంద్ర మాత్రం నా కంచంలో చేప ముక్క వేసి, "పొద్దున్న ఎండలో నిలబెట్టీసినాను నిన్ను. తిను," అన్నాడు.

తెల్లారాక వాడు పంపు దగ్గర మొహం కడుక్కుంటున్నాడు. సబ్బు నురగ మొహం నిండా ఉంది. కళ్ళు మూసుకుని ఉన్నాడు. అలాగైతే చెప్పగలననిపించింది.

"నంబర్లు తప్పు సెప్పింది నేనేరా."

"ఏ నెంబర్లు?"

"నిన్నటివి. మూడూ. తెలిసే సెప్పినాను."

చెంబుతో నీళ్ళు దిమ్మరించుకున్నాడు. మరో చెంబు. తువ్వాలు కోసం తడుముకుంటుంటే నేను అందించాను. తీసుకోలేదు. తడి మొహంతోనే మెట్టు మీద కూచున్నాడు.

"విజయ్‌గాడిని పది మందిలో నానా మాటలూ అన్నాను."

నేను నిలబడే ఉన్నాను.

"మళ్ళా అదే పని సేసినావు నాన్నా. ఈసారి నా కూతురికి."

అరిచి ఉంటే బాగుండేది. అరవలేదు. ఆ మాట కూడా పక్క మనిషికి వినపడనంత నెమ్మదిగా అన్నాడు.

ఝాన్సీ తల దువ్వుకుని, కాగితాల సంచి భుజాన వేసుకుని బయటికొచ్చింది. "నాన్నా, పద. టెక్కలి ఎళ్దాం. ఇవాళ ఆఖరి రోజు."

వాడు తలెత్తాడు. "ఏటి సెయ్యడానికి?"

"ఇంజనీరింగు ఆప్షన్లు పెట్టడానికి. నువ్వు రాసుకున్న కాలేజీలన్నీ, నువ్వు రాసుకున్న వరసలోనే పెడతాను. నా సేత్తో నేనే కొడతాను."

దేవి చీపురు పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"సీటొస్తే సేరతావా?"

"సీటొచ్చినాక నువ్వు నన్ను అడగాల. అడిగితే సెప్తాను. అప్పుడు నేను ఏటంటే అది ఇనాల. కోపంగా ఉన్నా సరే, ఆఖరి దాకా ఇనాల. ఒప్పుకుంటావా?"

"ఒప్పుకోకపోతే?"

"ఒప్పుకోకపోయినా పద. పెడతాను."

వాడు కూతుర్ని కిందినుంచి పైకి చూశాడు, కొత్త మనిషిని చూసినట్టు. లేచి చొక్కా వేసుకున్నాడు. నా దగ్గరికొచ్చి చెయ్యి చాపాడు. నేను మొలలోంచి ఫోను తీసి ఇచ్చాను. ఒక్క మాట అనకుండా జేబులో వేసుకుని బండి తీశాడు.

మధ్యాన్నానికి వచ్చారు. ఫోను నా మంచం మీద పెట్టాడు. ఏం పెట్టారో, ఏం మాట్లాడుకున్నారో నాకు చెప్పలేదు. నేను అడగలేదు. అడగడానికి మొహం లేదు.

తర్వాత ఫోను కుయ్‌మన్నప్పుడల్లా ఝాన్సీ వచ్చి చూసుకుని తిరిగి ఇచ్చేసేది. ఒక రోజు చూసుకుని, బ్యాగు వేసుకుని ఒక్కతే ప్యాసింజరెక్కి గరివిడి వెళ్ళింది. సాయంత్రానికి వచ్చింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. కంచం నిండా అన్నం పెట్టుకుని తింది. దేవి నా వైపు చూసి పెదవి విరిచింది, తనకీ తెలీదన్నట్టు. రెండాదివారాలు ధర్మేంద్ర ఇంటికి రాలేదు.

ఆగస్టులో కాలవకి నీళ్ళొదిలారు. ఉభాలకి ధర్మేంద్ర మూడు రోజులు సెలవు పెట్టి వచ్చాడు. నాతో అవసరానికి మాట్లాడుతున్నాడు. కత్తి ఏదీ, తాడు ఏదీ, అంతవరకే. రెండో రోజు ఇద్దరం నారుమడిలో వంగి నారు తీస్తున్నాం. నాటే ఆడవాళ్ళు కింది మడిలో ఉన్నారు. మొలలో ఫోను మోగి ఆగింది. మెసేజీ. ఝాన్సీ ఇంటి దగ్గరుంది. బురద చేతులు పంచెకి తుడుచుకుని తీసి చూశాను. అన్నీ ఇంగ్లీషు అక్షరాలే. ఫోను వాడి ముందు పట్టుకున్నాను.

వాడు నడుం ఎత్తాడు. చదివాడు. మళ్ళీ మొదట్నుంచీ చదివాడు.

"బీఎస్సీ. కెమిస్ట్రీ. విజయనగరం," అన్నాడు. "వచ్చే వారం ఎళ్ళి సేరాల."

"మరి ఇంజనీరింగు?"

"వచ్చినాది. కంప్యూటరే. నాను మొదట రాసుకున్న కాలేజీలోనే." ఫోను నా చేతిలో పెట్టాడు. "సీటొచ్చిన రోజే గుంట నా గదికొచ్చినాది. సీటు నాకు సూపించింది. అడుగు నాన్నా అంది. అడిగినాను. రెండు గంటలు సెప్పింది నాన్నా. ఆ ఉప్పు, ఆ నీళ్ళు, ఏటేటో. నాకు సగం తలకెక్కలేదు. మధ్యలో కోపమొచ్చి లేచిపోబోతే సెయ్యి పట్టుకుని కూకోబెట్టీసింది. ఏడిసింది. ఏడుస్తానే సెప్పింది. ఆఖర్ని నా ఎదురుగా ఆ సీటు వొద్దని నొక్కీసి, డిగ్రీకి పెట్టుకున్నాది."

"నొక్కనిచ్చినావా?"

"ఇచ్చినాను."

వాడు వంగి గుప్పెడు నారు పీకి, వేళ్ళ మట్టి నీళ్ళలో జాడించాడు.

"సీటు రావడం నాను కళ్ళారా సూసినాను. వచ్చినదాన్ని అదే కాదనుకున్నాది. అది వేరు. రాకుండా సెయ్యడం వేరు." కట్ట కట్టి గట్టు మీదికి విసిరాడు. "ఆ తేడా నాకు తెలుసు. నీకు తెలుసో లేదో."

కింది మడిలోంచి ఆడవాళ్ళు నారు కోసం కేకేశారు. నేను కట్ట అందుకోలేదు.

"నీ ఫారం మీద అప్పుడు సంతకం పెట్టాల్సింది," అన్నాను.

వాడు వంగినవాడు వంగినట్టే ఆగిపోయాడు. "ఇప్పుడా సెప్పడం?"

"ఇప్పుడే."

"ఎందుకెట్టలేదు?"

ముప్ఫై ఏళ్ళ నుంచి వాడు ఆ మాట అడగలేదు. నేను చెప్పలేదు.

"ఆ ఏట మడిలోకి మనిషి తక్కువరా. నువ్వెళ్ళిపోతే ఉప్పు గీసేవాళ్ళు లేరు. ఆ మాట నీతో అనడానికి సిగ్గేసింది."

వాడు మరో గుప్పెడు నారు పీకాడు. అలవాటుగా నేను అక్కడితో ఆగిపోయాను. తర్వాత వాడు నా వైపు చూడకుండానే పక్కకి జరిగి, వంగడానికి నాకు చోటిచ్చాడు.

"సెప్పు మరి," అన్నాడు. "ఇంటన్నాను."

నారుమడి అయ్యేదాకా చెప్పాను.